బరువు మీద పరీక్ష

బ్యాటరీ కారు సీటు ఎత్తి చూస్తే కింద ఆరు బ్యాటరీలు కనిపిస్తాయి. గోల్ఫ్ మైదానాల కోసం పుట్టిన బండి అది. ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ముసలివాళ్లను, నెహ్రూ జూ పార్కులో పిల్లాపాపలను మోస్తోంది. కొన్ని బండ్లలో అమరిక వేరుగా ఉన్నా, ఎక్కువగా కనిపించేది 8 వోల్టులవి ఆరు, మొత్తం 48 వోల్టులు. ఒకదాని ప్లస్‌ను పక్కదాని మైనస్‌కు కలుపుతూ వరుసగా కడతారు. కరెంటు ఆరింటినీ దాటుకుంటూ వెళ్తేనే మోటారును చేరుతుంది. పక్కదారి లేదు.

వేదాంతంలోనూ ఒక ఆరు ఉంది. శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం. బ్రహ్మసూత్రాల తొలి సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు, బ్రహ్మజిజ్ఞాసకు ముందే ఉండవలసిన నాలుగింటిలో మూడోదిగా ఈ శమదమాది సంపత్తిని చెప్పారు. దీని మూలం బృహదారణ్యకోపనిషత్తులో ఉంది. చిత్రమేమంటే అక్కడ కనిపించేవి ఐదే. కాణ్వ పాఠంలో చివరివాడు సమాహితుడు. మాధ్యందిన పాఠంలో అదే చోట శ్రద్ధనే ధనంగా గలవాడు ఉన్నాడు. సంప్రదాయం రెండింటినీ చేర్చుకొని ఆరుగా లెక్కపెట్టింది. ఒకటి ఉంది కదా, రెండోది లేకపోతేనేం అని పెద్దలు అనుకోలేదన్నమాట.

మనం మాత్రం అలాగే అనుకుంటాం. గంటసేపు కదలకుండా జపానికి కూర్చోగలను, ఏకాదశి తప్పను, కాస్త కోపం ఉంటే ఉండనీ అన్నది మనలో చాలామంది లెక్క. ఉన్నదాంతో లేనిదాన్ని పూడ్చుకోవచ్చన్న ధీమా అది. వరుసలో కట్టిన సెట్టుకు ఆ లెక్క తెలియదు.

సికింద్రాబాద్‌లోని కార్ఖానా మెయిన్ రోడ్డు ఇలాంటి సంగతులు నేర్చుకోవడానికి మంచి చోటు. 1806లో ఏర్పడిన కంటోన్మెంట్ ప్రాంతం. సైన్యంలో యంత్రాల మరమ్మతు నేర్పే కళాశాల పక్కనే తిరుమలగిరిలో ఉంది. మా కాలనీలో పెద్దవాళ్ల కోసం తెచ్చిన బ్యాటరీ కారు ఒకటి రాత్రంతా చార్జింగ్ ఎక్కించినా పొద్దున్నే ర్యాంపు దగ్గర చతికిలబడేది. మెకానిక్ మీటరు పెడితే 51 వోల్టులకు దగ్గరగా చూపించింది. నిండుగానే ఉందిగా, మోటారులోనే ఏదో తేడా అని తీర్మానించేశాం. అతను నవ్వాడు. "ఖాళీగ నిలబడ్డప్పుడు అన్నీ మంచిగనే చూపిస్తయి సార్. లోడ్ పడితెనే అసలు సంగతి బయటపడ్తది." బండి నిండా మనుషుల్ని కూర్చోబెట్టి ర్యాంపు ఎక్కించమని, ఒక్కో బ్యాటరీ మీదా మీటరు ముళ్లు ఆనించాడు. ఐదు నిలబడ్డాయి. ఒకటి 7 వోల్టుల కిందికి జారిపోయింది. బరువు దిగగానే మళ్లీ ఏమీ ఎరగనట్టు మామూలైపోయింది.

చార్జర్ తీసిన వెంటనే చూసే అంకె మరీ మోసకారి. పలకల పైపైన పేరుకున్న నిండుదనం అది, కొన్ని గంటలు ఆగితే తగ్గిపోతుంది. మనవాళ్లు దీన్ని బ్యాటరీలు రాకముందే గుర్తుపట్టారు. పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని మూడు పేర్లు కూడా పెట్టారు. ప్రవచనం విని చెప్పులు వెతుక్కునేటప్పటి శాంతిని సాధనలో చేరిన మెట్టుగా లెక్క కట్టకూడదు. ధ్యానం నుంచి లేచిన క్షణంలో మనసును కొలుచుకోవడం కూడా అంతే.

మరి ఏ బరువు మీద కొలవాలి? వాల్మీకి బాలకాండలో విశ్వామిత్రుడి కథ నాకు మొదటినుంచి చివరిదాకా ఇలాంటి పరీక్షగానే కనిపిస్తుంది. పుష్కరంలో మేనక ఎదురైంది, దమం (ఇంద్రియ నిగ్రహం) జారింది, పదేళ్లు పగలూ రాత్రీ తెలియకుండా గడిచాయి. తేరుకొని ఉత్తరానికి వెళ్లి ఘోర తపస్సు చేశాడు. బ్రహ్మ వచ్చి మహర్షివన్నాడు గాని, ఇంద్రియాలను గెలిచానా అని అడిగితే ఇంకా లేదన్నాడు. తర్వాత రంభ వచ్చింది. ఈసారి ఇంద్రుడి పన్నాగాన్ని పసిగట్టాడు, మోహంలో పడలేదు. ఒక సెల్ బాగుపడిందన్నమాట. కానీ రంభను రాయివి కమ్మని శపించాడు, ఆ కోపంలో తపస్సు ఖర్చయిపోయింది. ఆమె రాకపోతే తితిక్ష, అంటే ఓర్పు, లేదన్న సంగతి ఆయనకే తెలిసేది కాదు.

ఇక్కడ బ్యాటరీ సెట్టు ఇంకో భయంకరమైన సంగతి చెబుతుంది. తోటివన్నీ బలంగా ఉండి, ఒక సెల్ మాత్రం ఖాళీ అయిపోయినా బండిని అలాగే నడిపిస్తూ పోతే, మిగతావి తోసే కరెంటు ఆ సెల్‌ను తలకిందులు చేస్తుంది. దాని ప్లస్ మైనస్ అవుతుంది. అంటే బలహీనమైనది ఊరికే ఆగిపోదు, ఎదురు తిరుగుతుంది. తోటివాటి బలమే దానికి ఆ గతి పట్టిస్తుంది. నియమనిష్ఠలు ఎక్కువగా ఉన్న ఇళ్లలోనే ఒక్కోసారి కోడళ్లు, పనివాళ్లు ఎందుకు వణికిపోతుంటారో నాకు దీనితోనే అర్థమైంది. ఏ నిష్ఠా లేనివాడి కోపానికి అంత వేగం ఉండదు. రంభను బండగా మార్చింది మామూలు కోపమా? అన్ని వేల ఏళ్ల తపస్సు దాని వెనక ఉంది.

చార్జర్ విషయానికి వద్దాం. పాతరకం ఆటోమేటిక్ చార్జర్లు చాలావరకు ముందు బ్యాటరీలో కాస్తయినా వోల్టేజీ ఉందా అని చూస్తాయి. మరీ ఖాళీగా ఉంటే అసలు మొదలే కావు. మనం చార్జర్ పాడైందంటాం. గురువుల మాట ఎక్కడం లేదనే ఫిర్యాదు ఈ కోవలోదే. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి దగ్గరికి వెళ్లకముందే, తండ్రి దానమిచ్చే గోవులను తోలుకుపోతుండగా చూస్తూ నిలబడ్డ పిల్లవాడిలో శ్రద్ధ ప్రవేశించిందని చెబుతారు. ఉపదేశం దొరికింది ఆ తర్వాతే. మెకానిక్ చేసేదీ అలాంటిదే. పూర్తిగా పడిపోయిన సెట్టును పెద్ద చార్జర్‌కు అప్పగించడు. ఒక్కో బ్యాటరీకీ చిన్న చార్జర్ తగిలించి కాస్త కాస్త లేపుతాడు. వైర్లు, టెర్మినళ్ల మీద పట్టిన తెల్ల ఉప్పు లాంటివి సరేసరి, వంటసోడా నీళ్లతో కడిగి బిగిస్తే పోయేవాటికి వేదాంతం అక్కర్లేదు.

తప్పుడు వైద్యం ఒకటుంది. హైడ్రోమీటరు ముంచితే నిండు సెల్‌లో 1.265 నుంచి 1.280 దాకా రావాలి. తక్కువ వస్తే కొందరు యాసిడ్ పోస్తారు. అంకె పెరుగుతుంది, బలం పెరగదు. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు పలకలతో చేసిన బ్యాటరీ సూత్రమే ఇందులోనూ నడుస్తోంది. వాడకంలో యాసిడ్‌లోని సల్ఫేటు పలకలను అంటుకుంటుంది, చార్జింగ్‌లో విడిపోయి మళ్లీ ద్రవంలో కలుస్తుంది. ఖాళీ చేసి వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలై పలకలకే ఉండిపోతుంది. తగ్గింది యాసిడ్ కాదు, అది లోపల బిగుసుకుపోయింది. మామూలుగా ఆవిరై పోయేది నీరే, కాబట్టి పోయవలసిందీ డిస్టిల్డ్ వాటరే. కోపం తగ్గలేదని ఇంకో వ్రతం, ఇంకో కఠిన నియమం నెత్తికెత్తుకునేవాళ్లు యాసిడ్ పోస్తున్నారు. పైకి తపస్సు చిక్కబడ్డట్టు కనిపిస్తుంది, లోపల పాత సంస్కారమనే వాసన కరగదు.

బ్యాటరీలో ఆ స్ఫటికాలు కరిగే వీలున్నంతవరకు చేసే పద్ధతి ఈక్వలైజింగ్. సెట్టు నిండిన తర్వాత కూడా అదుపులో పెట్టి ఇంకొంతసేపు చార్జింగ్ కొనసాగిస్తారు. వెనకబడిన సెల్లు అందుకునేదాకా నిండినవి ఉడుకుతూ, నీటిని పోగొట్టుకుంటూ ఓపిక పడతాయి. హైడ్రోజన్ వస్తుంది కనుక గాలి ఆడే చోటే చేయాలి. సాధకుడికి ఇది రుచించని పని. బాగా వచ్చిన జపాన్నే ఇంకా చేయాలనిపిస్తుంది, రాని ఓర్పు దగ్గర కాలం గడపాలనిపించదు. వివేకచూడామణి తితిక్షకు పెట్టిన షరతు కూడా గట్టిదే. దుఃఖాన్ని ఊరికే సహిస్తే చాలదు, ప్రతీకారం తలపెట్టకుండా, దిగులూ మొరా లేకుండా సహించాలి.

పోలిక ఇక్కడిదాకానే వస్తుంది. సీసపు పలక వాడినకొద్దీ అరుగుతుంది, ఓర్పు వాడినకొద్దీ పెరుగుతుంది. శాపం తర్వాత విశ్వామిత్రుడు కోపం తెచ్చుకోనని, నోరు విప్పనని వ్రతం పట్టాడు. వెయ్యేళ్లు నిండాక అన్నం వండుకుని కూర్చుంటే ఇంద్రుడే బ్రాహ్మణ వేషంలో వచ్చి అది తనకు కావాలన్నాడు. విశ్వామిత్రుడు అంతా పెట్టేశాడు. ఒక్క మెతుకు మిగల్లేదు. మాట్లాడకుండా లేచి మళ్లీ తపస్సుకు వెళ్లిపోయాడు.