ఏ గూట్లో పెట్టను?

మొన్న మా అబ్బాయి నా కంప్యూటర్ చూసి "ఇదేమిటమ్మా, సంతలా ఉందీ!" అన్నాడు. నిజమే. కరెంటు బిల్లులు, పెళ్ళి ఫోటోలు, సగం రాసిన నవల, అన్నీ ఒక్కచోటే పడున్నాయి.

వాడు 'ఆర్గనైజ్' అనే పనిముట్టు పెట్టాడు. దీనికి బొమ్మలూ గిమ్మలూ ఉండవు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఆజ్ఞాపించాలి. ముందుగా మన నియమాలు రాసిపెట్టుకోవాలి. పేరు చివర జేపీజీ ఉంటే ఫోటోల ఫోల్డరుకి, పీడీఎఫ్ ఉంటే కాగితాల ఫోల్డరుకి, ఏడాది దాటిన ఆడియోలు చెత్తబుట్టకి. 'రన్' అంటే చకచకా సర్దేస్తుంది. 'సిమ్' అంటే (ఫోన్లో వేసే సిమ్ము కాదండోయ్!) దేన్నీ ముట్టుకోకుండా, ఏది ఎక్కడికి పోతుందో ముందే చూపిస్తుంది.

చెత్తబుట్టకి పోయేవాటిలో పేరు లేని ఫైలొకటి కనిపించింది, ఒట్టి అంకెలు. పెట్టి విన్నాను. పోయిన మా అత్తగారి గొంతు! "అమ్మాయ్, రాస్తూ కూర్చోకు, వేళకింత అన్నం తిను."

తప్పు పనిముట్టుదా? తోకా వయసూ చూసి సర్దమన్నది నేనే. లోపలేముందో వినడం దాని పని కాదు, నాది.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ మాటే నాకు సణుగుడులా వినిపించేది. 'చాదస్తం' అనే గూట్లోకి ఆవిణ్ణి ఏనాడో తోసేశాను, వినకుండానే.

సర్దుకోకపోతే సంసారం సాగదు, ఒప్పుకుంటాను. కానీ మనిషిని ఒక గూట్లోకి నెట్టేముందు, ఏం పోగొట్టుకోబోతున్నామో ఒక్కసారి చూసుకోవద్దూ?

ఆ ఫైలుకి 'అత్తయ్య' అని పేరు పెట్టాను. ఏ ఫోల్డరులో పెట్టాలో మాత్రం ఇంకా తేలలేదు.