వంద దగ్గర అదురు

అమ్మాయ్,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నాకు మింగుడుపడలేదు. "తొంభై దాకా బాగానే ఉంటుంది పెదనాన్నా, తొంభై దాటితే స్టీరింగ్ అదురుతుంది, నూట పదికి వెళ్తే మళ్లీ నెమ్మదిస్తుంది. అందుకే ఔటర్ రింగ్ రోడ్డు మీద నూట పదిలోనే పోతున్నా" అన్నావు. అదురు తెలియకుండా ఉండాలని వేగం పెంచడం ఈరోజు నుంచే మానెయ్ తల్లీ. తగ్గింది నీ చేతికి తెలియడమే గానీ తప్పు కాదు. అది ఇంకా పెరిగింది కూడా. ఎలాగో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నీ కారుకున్నది 185/65 ఆర్15 టైరు. దాని చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకే చోట 30 గ్రాములు ఎక్కువైందనుకో. జొన్నచేలో పిట్టలను తోలే వడిసెలను గిరగిరా తిప్పితే అందులోని చిన్న రాయి చేతిని ఎంత గట్టిగా గుంజుతుందో నువ్వు చూశావు కదా, ఇదీ అంతే. ఆ 30 గ్రాములే వంద వేగంలో నాలుగున్నర కిలోల బరువు లాగినంత బలంగా చక్రాన్ని గుంజుతాయి, అదీ సెకనుకు 14 సార్లు, పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ. యాభైలో ఆ గుంజుడు కిలో పైచిలుకే, అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు నీకేమీ తెలియదు. వేగం రెట్టింపైతే గుంజుడు నాలుగింతలవుతుంది. నూట పదిలో అది అయిదున్నర కిలోలు.

మరి అక్కడ నెమ్మదించినట్టు ఎందుకుంటుంది? చక్రం, హబ్బు, వాటిని పట్టుకున్న స్ప్రింగు, రబ్బరు బుష్‌లు అన్నీ కలిసి తమంతట తాము ఊగే లయ ఒకటుంటుంది. చాలా కార్లలో అది సెకనుకు పది, పదిహేను ఊపుల మధ్య ఉంటుంది. చక్రం తిరిగే వేగం ఆ లయతో కలిసినప్పుడు చిన్న గుంజుడు కూడా పెద్ద అదురై స్టీరింగ్ దాకా వస్తుంది. ఇంటర్లో అనునాదం అని చదివావే, అదే ఇది. ఆ వేగం దాటేస్తే లయ తప్పుతుంది, నీ చేతికి తెలియదు. బేరింగ్ మీద, బాల్ జాయింట్ మీద, టైరు మీద దెబ్బ మాత్రం పడుతూనే ఉంటుంది. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కారుకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా వందే. విజయవాడ దారిలో నీకు నూట పది అవసరమూ లేదు, అనుమతీ లేదు.

షెడ్డుకు వెళ్లే ముందు కొంచెం గమనించుకుని వెళ్లు. "వైబ్రేషన్ వస్తోంది, చూడండి" అని తాళం ఇచ్చేసి కూర్చుంటే ముందు అలైన్‌మెంట్ అంటారు, తర్వాత లోయర్ ఆర్మ్ అంటారు, ఆపైన షాకబ్జార్లు. వాళ్లందరూ మోసగాళ్లని కాదమ్మా. ఊళ్లో నలభైలో ఒక రౌండు కొట్టి వస్తే తొంభైలో వచ్చే రోగం వాళ్లకు కనపడదు, తోచింది మారుస్తారు. తొంభైలో ఏం జరుగుతోందో తెలిసినదానివి నువ్వే. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, పక్కన తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని వెళ్లు. నువ్వు చెబుతుంటే వాడు రాసుకుంటాడు. నువ్వు మాత్రం రోడ్డు మీద నుంచి చూపు తిప్పకు.

అదురు చేతికి వస్తోందా, కూర్చున్న చోట తెలుస్తోందా? చేతికైతే ఎక్కువగా ముందు చక్రాలు. సీటుకీ నేలకీ అయితే వెనక చక్రాలు. అదే 95 వేగంలో అయిదో గేరు నుంచి నాలుగుకు మార్చి చూడు. ఇంజన్ తిరుగుడు మారుతుంది, చక్రం తిరుగుడు మారదు. అదురు అలాగే ఉంటే ఇంజన్ మౌంట్ల జోలికి ఎవరినీ పోనివ్వకు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుని, పెడల్ కూడా పాదం కింద తన్నుతుంటే డిస్కులు ఎగుడుదిగుడయ్యాయన్నమాట. యాక్సిలరేటర్ నొక్కితే వచ్చి కాలు తీయగానే పోయేదైతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటును అనుమానించాలి. మీ నాన్న బొలెరోలాంటి బండికైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా చూడాలి, నీ కారుకు అది లేదు. అదురుతో పాటు ఝుమ్మని మోత వచ్చి, ఆ మోత మలుపులో మారుతుంటే వీల్ బేరింగ్. రోడ్డు సంగతీ మరిచిపోకు. సిమెంటు రోడ్డు అతుకుల మీద ఏ కారైనా టకటకలాడుతుంది. మంచి తారు రోడ్డు మీద కూడా వస్తేనే అది కారు రోగం.

నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానమంతా ముందు చక్రాల మీదే ఉంది. ముందు టైర్లు చూడు, చూడటమంటే నిలబడి కాదు, కూర్చుని. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించు. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీద అంటించి ఉంటుంది. రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టి తడుము. వానల్లో మన ఊరి నల్లరేగడి బురద లోపల పట్టి, ఎండి, రాయిలా గట్టిపడుతుంది. అది గోకి కడిగితే చాలు, కొన్నిసార్లు రోగమే ఉండదు. నీ రిమ్ములు ఇనుపవి కాబట్టి వాటి అంచుకు చిన్న సీసపు బరువులు క్లిప్పుతో కొట్టి ఉంటాయి. అవి ఉన్న చోటు చూడు. ఒకటి ఊడిపోతే అక్కడ మచ్చ మాత్రం మిగులుతుంది.

ఆ తర్వాత టైరు పక్కగోడ. గుంతలో పడినప్పుడు లోపలి దారాలు తెగితే అక్కడ నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది. అలాంటి ఉబ్బు కనపడితే ఇక పరీక్షలేమీ వద్దు. స్టెప్నీ వేసుకుని యాభై దాటకుండా టైరు షాపుకు పో. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు. హైవే మీద పేలే టైరు అదే. నేల మీద ఆనే భాగాన్ని అరచేత్తో చుట్టూ తడుము, ఎత్తుపల్లాలు చేతికి తగిలితే అరుగుదల సమంగా లేదు. పక్కగోడ మీద డి.ఓ.టి. అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కారు పాతది కొన్నావు కాబట్టి నాలుగు టైర్ల వయసూ రాసిపెట్టుకో. పంక్చరుకు లోపల పోసే జిగురు ద్రవం ఎవరైనా పోశారేమో కూడా అడుగు. అది ఒకచోట చేరితే ఏ మిషనూ ఆ చక్రాన్ని సరిచేయలేదు. ముందు ఆ టైరు విప్పి లోపల కడగాల్సిందే.

టైరు షాపులో అలైన్‌మెంట్ కాదు, బ్యాలెన్సింగ్ అడుగు. అలైన్‌మెంట్ తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది, దానంతట అది అదురు పుట్టించదు. నాలుగు చక్రాలూ చేయించు, మిషను దగ్గరే నిలబడు. ఆడపిల్లవని పక్కన కుర్చీ చూపిస్తారు, కూర్చోకు. పాత బరువులన్నీ తీయించు. మిషను మీద చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచు వైపు చూడు, అది అటూ ఇటూ ఊగితే రిమ్ము వంగింది. కొత్త బరువులు కొట్టాక ఇంకోసారి తిప్పి లోపలి వైపూ, బయటి వైపూ సున్నా చూపించమను. ఈ రెండో తిప్పుడు చాలా చోట్ల ఎగ్గొడతారు. ఏ చక్రమైనా వంద గ్రాములకు పైన అడిగితే బరువు కొట్టించి సంతోషించకు, టైరో రిమ్మో చెడిపోయి ఉంటుంది. అది తేలేదాకా వెనక్కి వేయించు. చేతికి వచ్చే అదురు సీటుకు మారిందంటే దొంగ దొరికినట్టే.

చివరిది, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది, వీల్ నట్లు. చౌటుప్పల్ దగ్గర పంక్చరు వేయించాకే ఇది మొదలైందన్నావు. చక్రం బిగించే ముందు హబ్బు ముఖం మీద తుప్పు, మట్టి గుడ్డతో తుడిపించు. అక్కడ చిన్న మట్టి పొర చిక్కినా చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి. గన్నుతో దడదడమని కొట్టనివ్వకు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో రాసినంతే. తర్వాత వంద కిలోమీటర్ల లోపు ఇంకోసారి బిగింపు చూడాలి. ఎప్పుడైనా ముప్ఫై నలభైలో కూడా చక్రం తడబడుతున్నట్టు అనిపిస్తే అక్కడికక్కడే పక్కకు ఆపు. హైవే పెట్రోలింగ్ వాళ్లకు 1033కి ఫోన్ చెయ్యి, ఎవరూ నవ్వరు.

శనివారం విజయవాడ ప్రయాణం ఉందన్నావు. ఇవన్నీ అయ్యేదాకా ఆ కారులో వద్దు, పిల్లవాణ్ని తీసుకుని బస్సులో వెళ్లిరా. సోమవారం టైరు షాపు నుంచే నాకు ఫోన్ చెయ్యి. ఏ చక్రానికి ఎన్ని గ్రాములు పడ్డాయో కాగితం మీద రాయించుకుని చదువు, నేను లైన్లో ఉంటాను.

మీ పెదనాన్న