పుస్తకాల సంచీలో వచ్చే కబుర్లు

ఇంగ్లండులో నాలుగేళ్ళు నిండిన పిల్లలకు ఆ తర్వాత వచ్చే సెప్టెంబరులో బడి మొదలవుతుంది. మొదటి ఏడాది రిసెప్షన్, ఆ పైన ఇయర్ వన్ నుంచి ఇయర్ సిక్స్ దాకా ప్రాథమిక చదువు. దరఖాస్తుకు గడువు జనవరి 15. ఏ బడిలో చోటు దొరికిందో తెలిసేది ఏప్రిల్ 16న. ఇక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఈ రెండు తేదీలూ కంఠతా వచ్చు. మంచి బడి ఏ వీధిలో ఉందో కనుక్కుని అద్దెకు దిగేవాళ్ళు, బళ్ళను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థ నివేదిక చదివితే గానీ ఇల్లు కొననివాళ్ళు ఎందరో. తీరా సీటు వచ్చాక, బడి నుంచి వచ్చే ఉత్తరాలు విప్పి చూడని ఇళ్ళు కూడా వీటిలోనే ఉంటాయి. మంచి బడిలో వేశాం, ఇక చదువు సంగతి టీచర్లు చూసుకుంటారన్న ధీమా. చాలదనుకుంటే ట్యూషన్ ఎలాగూ ఉంది. ఇక్కడి ప్రాథమిక విద్య మాత్రం ఇంటి వంతు పనిని ఇంటికే వదిలిపెడుతుంది. ఆ పని ఏమిటో వారం వారం కబురు పెట్టి మరీ చెబుతుంది.

కబురు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఈమెయిల్, యాప్. చాలా బళ్ళు శుక్రవారం నాడు వారపత్రిక పంపుతాయి. ఏ తరగతి ఏ పాఠం మొదలుపెట్టింది, ఎవరికి ప్రశంసాపత్రం వచ్చింది, టీచర్ల శిక్షణ కోసం బడి ఎప్పుడు మూస్తారు, మ్యూజియానికి వెళ్ళేరోజు భోజనం డబ్బాలో ఏం పెట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. రెండోది పిల్లల భుజాన వచ్చే పుస్తకాల సంచీ. మూడుంబావుకు గేటు దగ్గర పిల్ల చేతిలోంచి సంచీ అందుకుని ఇంటికొచ్చి విప్పితే, పదహారు పేజీల పలచని కథల పుస్తకం, దానితోపాటు చదువు నమోదు చేసే చిన్న నోట్‌బుక్, రంగు ఇంకా ఆరని బొమ్మ, మడతలు పడ్డ ఒక చీటీ కనిపిస్తాయి. తరగతిలో పేలు కనిపించాయి, తల దువ్వి చూడండి అని ఆ చీటీలో ఉండవచ్చు. వచ్చే వారం విత్తనాల పాఠం, ఏదైనా ఒక గింజ తెచ్చుకోండి అని కూడా ఉండవచ్చు. ఆ గింజ తీసుకెళ్ళిన పిల్ల పాఠంలో పాలుపంచుకుంటుంది. చీటీ ఎవరూ చూడని ఇంటి పిల్ల ఆ రోజు ఉత్త చేతులతో కూర్చుంటుంది. నాలుగైదేళ్ళ వయసులో అది చిన్న లోటు కాదు.

వారానికో పుస్తకం ఇంటికి పంపడం ఈ ఏర్పాటు అంతటికీ ప్రాణం. బడి అడిగేది రోజుకు పది నిమిషాలు: పిల్ల చదవాలి, పెద్దలు పక్కన కూర్చుని వినాలి. ఇంత తేలికైన పని దగ్గరే తెలుగు తల్లిదండ్రులకు మొదటి చిక్కు వస్తుంది. రిసెప్షన్‌లో అక్షరాల పేర్లకన్నా ముందు వాటి ధ్వనులు నేర్పుతారు. దీన్నే ఫోనిక్స్ అంటారు. ఇంగ్లీషులో ఉన్న దాదాపు 44 ధ్వనులను ఒక వరసలో పరిచయం చేస్తారు. చాలా బళ్ళలో ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అక్షరాలు ముందు వస్తాయి, ఆ ఆరింటితోనే బోలెడు చిన్న మాటలు కూడతాయి కనుక. పిల్ల వేలు పెట్టి "ష్, ఇ, ప్... షిప్" అని కూడబలుక్కుంటుంటే, తమ చిన్నప్పటి అలవాటు కొద్దీ అమ్మో నాన్నో "ఎస్ హెచ్ ఐ పీ షిప్ అని చదువమ్మా" అని సరిదిద్దుతారు. పిల్ల తికమకపడుతుంది. టీచరు చెప్పినదాంట్లో ఎస్ వేరు, హెచ్ వేరు కావు. రెండూ కలిసి ఒకటే ధ్వని.

ఇంకో పొరపాటు, హల్లుకు అచ్చు తగిలించి పలకడం. ట, ఇ, న అని పలికితే ఎంత వేగంగా కలిపినా టిన్ రాదు. ట్, ఇ, న్ అంటేనే వస్తుంది. ఇంగ్లీషు తల్లిదండ్రులకు ఈ తేడా వివరించడానికి బళ్ళు ప్రత్యేకంగా సమావేశాలు పెడతాయి. పొల్లు రాయడం వచ్చినవాళ్ళకు ఇది ఒక్క మాటతో బోధపడుతుంది. తెలుగు అక్షరాలు నేర్చిన పెద్దలు ఫోనిక్స్ దగ్గర వెనకబడవలసిన అవసరం లేదు. ఆ సమావేశానికి ఒక్కసారి వెళ్ళి వస్తే చాలు.

ఇయర్ వన్ చివర, జూన్‌లో, ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది. 2012 నుంచి ఇది దేశమంతటా జరుగుతోంది. పిల్ల టీచరు దగ్గర కూర్చుని 40 మాటలు చదవాలి. అందులో 20 అసలు మాటలు, 20 అర్థంలేని కల్పిత మాటలు. కల్పిత మాట పక్కన వింత జీవి బొమ్మ ఉంటుంది, అది దాని పేరన్నట్టు. ఇంటికి వచ్చిన అభ్యాస కాగితంలో ఇలాంటివి చూసి, లేని మాటలు నేర్పడమేమిటని విసుక్కునే పెద్దలున్నారు. చూచి గుర్తుపెట్టుకున్న మాటల్ని అప్పజెబుతోందా, ధ్వనులు కలిపి కొత్త మాట చదవగలుగుతోందా అన్నది తేల్చడానికే ఆ కల్పన. కావలసిన స్థాయి అందుకోని పిల్లలు ఇయర్ టూలో ఆ పరీక్షకు మళ్ళీ కూర్చుంటారు. ర్యాంకుల్లేవు, తరగతి ఆగిపోదు.

కథల పుస్తకంతో పాటు వచ్చే నోట్‌బుక్‌లో రోజూ తేదీ, పుస్తకం పేరు, ఎన్ని పేజీలు, పెద్దల మాట ఒకటి రాయాలి. "బాగా చదివింది" అని రాసి సంతకం పెట్టడం తేలికే. "నాలుగో పేజీలో రెండు మాటల దగ్గర ఆగింది, కథ మాత్రం బాగా చెప్పింది" అని రాస్తే, ముప్ఫై మంది పిల్లలున్న తరగతిలో ఆ టీచరుకు మర్నాడు ఎక్కడ సాయం చేయాలో తెలుస్తుంది. ఆ నోట్‌బుక్ టీచరూ ఇల్లూ రోజూ మాట్లాడుకునే చోటు. దాన్ని హాజరు పట్టీలా వాడుకుంటే రెండు వైపులా నష్టమే.

తెలుగు మాట ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. బిడ్డ ఇంగ్లీషులో వెనకబడుతుందేమోనన్న భయంతో, బడిలో చేర్చిన రోజు నుంచి ఇంట్లో తెలుగు మానేసే కుటుంబాలు ఉన్నాయి. ఇంగ్లండు బడి పిల్లల్లో అయిదుగురిలో ఒకరికి ఇంగ్లీషు మొదటి భాష కాదు. టీచర్లకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. ఇంట్లో మీ భాషలోనే మాట్లాడండి అని వాళ్ళే చెబుతారు. ఒక భాషలో ఆలోచన, కథ, కార్యకారణం పట్టుబడ్డ బిడ్డ వాటిని రెండో భాషలోకి మోసుకెళ్ళగలదు. ఇంగ్లీషు పుస్తకం పూర్తయ్యాక, "ఇప్పుడు అమ్మమ్మకి ఆ కథ తెలుగులో చెప్పు" అంటే, పిల్లకు అర్థమైందో లేదో అప్పటికప్పుడు తేలిపోతుంది. ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతయ్యకు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ కలిసొచ్చే గుణం, ఎందుకంటే వాళ్ళకు చెప్పాలంటే పిల్ల తెలుగులోనే చెప్పాలి. వాళ్ళు "తర్వాతేమైంది? వాడలా ఎందుకు చేశాడు?" అని అడిగే ప్రశ్నలే బడిలో టీచరు అడిగే గ్రహణ ప్రశ్నలు. పంజాబీ, గుజరాతీ, బెంగాలీ, ఉర్దూలకు ఇక్కడ పదహారేళ్ళ వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్ష ఉంది. తెలుగుకు లేదు. తెలుగు నిలవాలంటే ఇల్లు, వారాంతపు తెలుగు తరగతి తప్ప వేరే దిక్కు లేదు.

ఊరి నుంచి వచ్చిన ఆ పెద్దవాళ్ళు బడి నుంచి పిల్లను తీసుకురావాలంటే, వాళ్ళ పేరు ముందుగా ఆఫీసులో రాయించాలి. పేరు జాబితాలో లేకపోతే, తాతయ్య ఎదురుగా నిలబడి ఉన్నా, పిల్ల పరుగెత్తుకొచ్చినా టీచరు పంపరు. అవమానమనుకోకూడదు, అది పిల్ల భద్రత కోసం పెట్టిన నియమం.

లెక్కల్లో పరిస్థితి తిరగబడుతుంది. ఎక్కాలు తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. ఇయర్ ఫోర్‌లో ఎక్కాల పరీక్ష ఉంటుంది. 2022 నుంచి తప్పనిసరి. కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు, 12 పన్నెండ్ల వరకు. పప్పు ఉడికే లోపు వంటింట్లో నిలబడి ఏడో ఎక్కం అప్పజెప్పించుకునే అమ్మ ఈ పరీక్షకు చేయగల సాయం ఏ యాప్ కన్నా తక్కువ కాదు. చిక్కంతా తీసివేతల్లో, భాగహారంలో. బడిలో ముందు వస్తువులతో, తర్వాత బొమ్మలతో, ఆ తర్వాతే అంకెలతో చేయిస్తారు. సంఖ్యారేఖ మీద గెంతుతూ తీసివేస్తారు. "ఇదంతా ఎందుకు, పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని నాన్న నేర్పిన అడ్డదారిలో సమాధానం సరిగానే వస్తుంది. ఆ ఒకటి నిజానికి పది అన్న సంగతి పిల్లకు అందదు. టీచరు ఏ పద్ధతి చెబుతున్నారో ముందు పిల్లనే అడిగి తెలుసుకోవడం మంచిది. పిల్ల పెద్దలకు నేర్పుతుంటే తను మరింత గట్టిగా నేర్చుకుంటుంది.

హాజరు విషయంలో తెలుగు కుటుంబాలకు వచ్చినన్ని తగాదాలు మరెక్కడా రావు. సంక్రాంతి, మాఘమాసపు పెళ్ళిళ్ళు బడి నడిచే రోజుల్లోనే వస్తాయి. అసాధారణ కారణం ఉంటే తప్ప హెడ్‌టీచరు సెలవు ఇవ్వరు. 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, పది వారాల్లో పది పూటలు, అంటే అయిదు రోజులు, అనుమతి లేకుండా మానితే జరిమానా నోటీసు రావచ్చు. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, 28 రోజుల్లో అయితే 160. అది ఒక్కో బిడ్డకు, తల్లికీ తండ్రికీ విడివిడిగా. ఇద్దరు పిల్లలున్న దంపతులకు తక్కువలో తక్కువ 320 పౌండ్లు. దీన్ని తప్పించుకోవడానికి, పిల్లకు జ్వరమని ఫోన్ చేసి విమానం ఎక్కేవాళ్ళున్నారు. ఆ ఫోన్ మాట పక్కనే ఉన్న పిల్ల వింటుంది. తిరిగొచ్చాక గోరింటాకు పండిన చేతులతో తరగతిలో కూర్చుని, పిన్ని పెళ్ళి కబుర్లు చెప్పాలో దాచాలో తెలియక నలుగుతుంది. విదేశంలో పిల్లలకు విలువలు నేర్పాలని ప్రతి పండుగ వేదిక మీదా మాట్లాడుకునేవాళ్ళు గట్టిగా ఆలోచించవలసిన చోటు ఇదే. పెళ్ళి అని రాసి అడగడం, కాదంటే జరిమానా కట్టి వెళ్ళడమో ప్రయాణం కుదించుకోవడమో నిజాయితీ ఉన్న దారులు. మతపరమైన పండుగ దినాన సెలవు నమోదు చేసే వీలు నిబంధనల్లో ఉంది. దీపావళికి చాలా బళ్ళు ఒకరోజు ఇస్తున్నాయి. ఉగాది అంటే ఏమిటో ఒక పేజీ ఉత్తరం ముందే రాసిన కుటుంబాలకు బడి వాళ్ళు ఆ పండుగ గురించి ఉదయం అసెంబ్లీలో చెప్పమని పిలిచే అవకాశం కూడా ఉంటుంది.

ఏడాది పొడవునా వచ్చే మిగతా కబుర్లలో వేడుకలవే ఎక్కువ. శరదృతువులో పంటల పండుగకు డబ్బా ఆహారం పేదల ఫుడ్ బ్యాంకు కోసం అడుగుతారు. డిసెంబరులో యేసు జననం నాటిక. మార్చి తొలి గురువారం ప్రపంచ పుస్తక దినం. ఆ రోజు పిల్లలు తమకిష్టమైన పుస్తకంలోని పాత్ర వేషం వేసుకెళ్తారు, ఒక పౌండు విలువైన పుస్తక కూపన్ అందుకుంటారు. కొన్న సూపర్‌హీరో దుస్తుల నడుమ, తాతయ్య కండువాతో పిలక కట్టుకొచ్చిన తెనాలి రామకృష్ణుడు కూడా పుస్తకంలోంచి వచ్చినవాడే. ఖర్చు లేదు, చెప్పడానికి కథ ఉంది. తినే పదార్థాల విషయంలో మాత్రం ఉత్తరం రెండుసార్లు చదవాలి. పల్లీలు, జీడిపప్పు, బాదం పడని పిల్లలుంటారు కనుక చాలా బళ్ళు వీటిని గేటు దాటనివ్వవు. పల్లీలు వేసిన పులిహోర, చిక్కీ, కాజూ బర్ఫీ ప్రేమతో పంపినవే అయినా ఒక బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

టీచరుతో ముఖాముఖి సాధారణంగా శరత్తులో ఒకసారి, వసంతంలో ఒకసారి ఉంటుంది. సుమారు పది నిమిషాలు. "మా అమ్మాయి క్లాసులో ఎన్నోది?" అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. ఆ వయసుకు ఆశించిన స్థాయి అందిందా, ఇంకా అందాలా, దాటిందా అన్న మూడు మాటల్లోనే చెబుతారు. ఆ పది నిమిషాల్లో అడగవలసినవి వేరు: ఎవరితో ఆడుకుంటోంది, అర్థం కానప్పుడు చేయెత్తుతోందా, ఇంట్లో ఈ నెల దేని మీద శ్రద్ధ పెట్టమంటారు. చిన్నచూపు, పేరు వంకర తిప్పి పిలవడం లాంటి బాధలుంటే అప్పుడే చెప్పాలి. వాట్సాప్ గుంపులో కాదు.

బడిలో తల్లిదండ్రులకు చోటు ఉండాలన్నది ఇంగ్లండుకే చెందిన ఆలోచన కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం భారతదేశంలో బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బళ్ళన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిపింది. ఇంగ్లండులో తల్లిదండ్రుల ఓట్లతో ఎన్నికైన పేరెంట్ గవర్నర్లు ఉంటారు. హెడ్‌టీచరు నియామకం, బడ్జెట్ వంటి వాటిలో వాళ్ళకు మాట ఉంటుంది. తల్లిదండ్రుల సంఘం జాతరలు జరిపి ఆటవస్తువులకు డబ్బు పోగుచేస్తుంది, చిన్నదైపోయిన యూనిఫారాలు చవకగా అమ్ముతుంది. నేర చరిత్ర తనిఖీ అయ్యాక, వారానికో పూట వచ్చి వెనకబడ్డ పిల్లల చేత చదివించేవాళ్ళను చాలా బళ్ళు వెతుక్కుంటాయి. జాతరలో సమోసాల బల్ల దగ్గర తెలుగువాళ్ళు బాగా కనిపిస్తారు. గవర్నర్ల బల్ల దగ్గర ఇంకా కనిపించవలసి ఉంది.

ఇయర్ ఫోర్ దాటేసరికి కొన్ని ఊళ్ళలో, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలైన గ్రామర్ స్కూళ్ళ ఊసు మొదలవుతుంది. ఇంగ్లండు మొత్తం మీద ఉన్నవి 163. కెంట్, బకింగ్‌హామ్‌షైర్, స్లౌ, బర్మింగ్‌హామ్ వంటి చోట్ల వీటి ప్రవేశ పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబరులో ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లను వారానికి మూడు ట్యూషన్లకు తిప్పుతూ, రాత్రి పది నిమిషాల కథ ఆపేసిన ఇళ్ళు ఉన్నాయి. ఆ పరీక్షలో పిల్లల్ని ఆపేవాటిలో పదసంపద కొరత ఒకటి. పదసంపద కథల్లోంచే వస్తుంది.

జూలై చివర నివేదిక వస్తుంది, ఆరు వారాల సెలవులు మొదలవుతాయి. అదే సమయంలో ఊరి గ్రంథాలయాల్లో వేసవి పఠన పోటీ నడుస్తుంది; 1999 నుంచి ఏటా, నాలుగు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు, ఉచితంగా. పిల్లలు లక్ష్యం పెట్టుకుని పుస్తకాలు చదివి చివర పతకం, ప్రశంసాపత్రం అందుకుంటారు. హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళేవాళ్ళు కూడా బయల్దేరే ముందు పేరు నమోదు చేయించుకుని, నాలుగు పుస్తకాలు సామానులో పెట్టుకుని వెళ్ళవచ్చు. అక్కడ నాయనమ్మ ఇంట చదివించుకున్న తెలుగు బొమ్మల పుస్తకం పేరు కూడా లెక్కలో రాయవచ్చునా అని గ్రంథాలయంలో ముందే అడిగి వెళ్ళడం మంచిది.