ఎవరి సాక్ష్యం చెల్లుతుంది?

మన సంఘాల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు కొంత సమయం ఉంటుంది. జబ్బు నయమైందని, తాగుడు మానేశానని, రాదనుకున్న ఉద్యోగం వచ్చిందని ఎవరు లేచి చెప్పినా సంఘమంతా స్తోత్రం అంటుంది. డాక్టరు కాగితం చూపించమని అడిగేవాళ్లుండరు. మనిషి నోటిమాటే రుజువు. అదే ఒక గే యువకుడు లేచి, నేనిలాగే ఉన్నాను, ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు అంటే ఆ మాట సాక్ష్యం కింద లెక్కకు రాదు. మారిపోయానని ముగిస్తేనే చెల్లుతుంది. నన్ను తొలుస్తున్న అనుమానం ఇక్కడే ఉంది. లేవీయకాండము మీదా, రోమా పత్రిక మొదటి అధ్యాయం మీదా ఇంత వాదన జరుగుతోంది గానీ, ఎవరి మాటను రుజువుగా ఒప్పుకోవాలన్నది అంతకుముందే తేల్చేసుకుని కూర్చున్నామేమో.

వాక్యమే కొలబద్ద, అనుభవం కాదు అంటారు. మరి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో జరిగిందేమిటి? సున్నతి లేనివాళ్లను చేర్చుకోవాలా వద్దా అని యెరూషలేములో తగవు పడ్డారు. వద్దన్నవాళ్ల చేతిలో ఆదికాండము 17 ఉంది; సున్నతి నిత్య నిబంధన అని, అది లేనివాణ్ణి ప్రజల్లోంచి కొట్టివేయాలని అందులో స్పష్టంగా ఉంది. వచనాల లెక్కన వాళ్లదే గట్టి పక్షం. పేతురు మాత్రం సున్నతి లేని అన్యజనుడు కొర్నేలీ ఇంట్లో కళ్లారా చూసింది చెప్పాడు. బర్నబా, పౌలు తాము చూసింది చెప్పారు. యాకోబు ప్రవక్తల వాక్యం తీసింది ఆ తర్వాతే. అంటే ముందు సాక్ష్యం, దాని వెలుగులో వాక్యం. సంఘం తన మొదటి పెద్ద తగవును తీర్చుకున్న పద్ధతి ఇది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. మార్పు కోరేవాళ్లు చాలామంది దాన్ని చూడనట్టు దాటేస్తారు. అదే సభ అన్యజనులకు రాసిన ఉత్తరంలో జారత్వం మానమంది. సున్నతి ఆచారం, ఇది నీతి, రెంటినీ ఒక గాటన కట్టకూడదు అన్నది ఆ ఆక్షేపణ. కానీ ఆచారం, నీతి అన్న విభజన ఆ ఉత్తరంలో కనబడదు. విగ్రహాలకు అర్పించింది, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం, నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి. మనవాళ్లు ప్రసాదం దగ్గర పట్టుదలగా ఉంటారు. కోడిని ఎలా చంపారని మాత్రం దుకాణంలో అడగరు! అయినా ఇంతటితో నేను గెలిచినట్టు కాదు. మొదటి శతాబ్దపు యూదుడి చెవికి జారత్వం అంటే స్వలింగ సంబంధం కూడా అందులో ఉంటుందనే నేననుకుంటాను. వచనం ఒక్కటే పట్టుకుంటే నా వాదం ఇక్కడ ఆగిపోతుంది.

అందుకే మళ్లీ సాక్ష్యం దగ్గరికి రావాలి. స్వలింగ ఆకర్షణ నుంచి మారవచ్చని ఏళ్ల తరబడి చెప్పిన అమెరికా క్రైస్తవ సంస్థ ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013 జూన్‌లో మూతపడింది. తాను ఎరిగినవాళ్లలో అత్యధికులకు ఆకర్షణ మారలేదని దాని అధ్యక్షుడు ఆలన్ చేంబర్స్ అంతకుముందే ఒప్పుకున్నాడు. మూసేటప్పుడు క్షమాపణ చెప్పాడు. ఇది సంఘం లోపలి మనిషి ఇచ్చిన సాక్ష్యం. మన దగ్గర ఇంకా ఉపవాస ప్రార్థనలు పెడతారు, ఆపైన పెళ్లి చేస్తే సర్దుకుంటాడంటారు. ఆ పెళ్లిపీటల మీద కూర్చోబెట్టిన అమ్మాయి సాక్ష్యం ఎవరికీ గుర్తురాదు. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను విచారిస్తున్నప్పుడు దాన్ని ఉంచాలన్న పక్షంలో క్రైస్తవ సంస్థలూ నిలబడ్డాయి. తమ మందిరంలో నోరెత్తనివ్వని మనుషుల గురించి కోర్టులో చెప్పడానికి మాత్రం వెళ్లాయి.

సాక్ష్యాలన్నీ ఒకే దిక్కు చూపిస్తాయా అంటే, లేదు. గేనని చెప్పుకుంటూనే పాత బోధ సరైనదని నమ్మి బ్రహ్మచర్యంలో ఉన్న వెస్లీ హిల్ లాంటి వేదాంతులున్నారు. నాకు అనుకూలమైనవాళ్ల మాటే విని ఆయన్ని పక్కన పెడితే, నేను తప్పుపట్టిన పనే నేనూ చేసినట్టు. ఫలాలను బట్టి తెలుసుకోమన్నాడు యేసు. మంచిదే, కానీ చెట్టును పెరట్లో ఉండనిచ్చినవాడికే దాని కాపు గురించి మాట్లాడే హక్కు.

నేను ఆదర్శంగా చూపించిన యెరూషలేములోనూ ఒక లోటుంది. ఆ వృత్తాంతం రాసిన లూకా పేరు పెట్టి మాట్లాడించిన వాళ్లంతా యూదులే. కొర్నేలీని ఎవరూ పిలిపించలేదు. తీర్పు ఉత్తరంగా వెళ్లింది, అంతియొకయలోని అన్యజన విశ్వాసులు చదివి సంతోషించారు. అడిగి ఉంటే ఏం చెప్పేవారో మనకు తెలియదు. ఇంగ్లండ్ సంఘం 2023 ఫిబ్రవరిలో స్వలింగ జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలకు ఒప్పుకునే ముందు, సినడ్‌లో గే సభ్యులు తామే లేచి మాట్లాడారు, అదీ రెండు పక్షాల్లోనూ. పెళ్లి సిద్ధాంతం మారలేదు, రెండు వైపులా అసంతృప్తి మిగిలింది. అయినా, తగవు ఎవరి గురించో వాళ్లనే మాట్లాడనిచ్చిన ఈ ఒక్క విషయంలో ఆ సినడ్ యెరూషలేము కంటే ముందుందని నా అభిప్రాయం.