పాటకు హామీ ఎవరు?

గోదావరిఖని చౌరస్తాలో సాయంత్రం చాయ్ తాగే మా రిటైర్డ్ బొగ్గుబాయి దోస్తుల్లో రెండు పార్టీలు. ఒకటి ఘంటసాలది, ఒకటి విప్లవ గాయకుడు గద్దర్‌ది. ఏ పాటలో గొంతు ఎక్కడ లేచింది, ఏ క్యాసెట్‌లో కోరస్ బాగా కుదిరింది, ఇవన్నీ గంటలకొద్దీ నడుస్తాయి. దాంతో పేచీ లేదు. గద్దర్ గుళ్లకు పోతున్నాడని 2017లో వార్తలు వచ్చాకే అసలు పేచీ మొదలైంది. ‘‘ఆ పాటలు ఇంక నా నోటికి రావన్నా’’ అన్నాడు ఒకప్పటి కోల్ ఫిల్లర్.

ఇది ఒక్క ఖని గొడవే కాదని, రాక్ పాటల పిచ్చి ఉన్న మా చిన్నోడు చెప్పాడు. 1979లో బాబ్ డిలాన్ క్రైస్తవ భక్తిలో పడి ‘స్లో ట్రైన్ కమింగ్’ ఆల్బమ్ తెచ్చాడు. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీల్లో పాత పాట ఒక్కటీ పాడకపోతే అభిమానులు గోల చేశారట.

మన శాస్త్రాల్లోనూ ఈ తగాదా పాతదే. మాట ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై, అంటే నమ్మదగినవాడై ఉండాలన్నారు నైయాయికులు. మీమాంసకులు వేదం విషయంలో ఒప్పుకోలేదు. దానికి కర్తే లేడు, ఇక కర్త దోషం అంటేదెక్కడ అన్నారు.

ఘంటసాల భగవద్గీత దగ్గర నేను మీమాంసకుణ్ణే. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాక ఆ రికార్డు బయటికొచ్చింది. మా కాలనీలో ఎవరు పోయినా ముందు టెంటు, వెంటనే ఆ గొంతు. దేవుడి పటానికి ఏనాడూ దండం పెట్టని యూనియన్ మనిషి పోతే, మీద ఎర్రజెండా కప్పారు, పక్కన కూతురు భగవద్గీత పెట్టించింది. ఎవరికీ తప్పనిపించలేదు. ఆ పాట పోయినవాణ్ణి ఏమీ అడగదు. పాడినవాడికి ఎంత భక్తి ఉందో మనమూ అడగం.

గద్దర్ పాట అడుగుతుంది. లేచి రమ్మంటుంది, ప్రాణం పెట్టమని కూడా అంటుంది. మా బెల్టులో అలా లేచి వెళ్లి తిరిగిరాని పిల్లలున్నారు. అలాంటి పాటకు హామీ కావాలి.

బాయిలో పైకప్పును కర్రతో కొట్టి వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిచింది బోలుగా పలుకుతుంది. కప్పు చూసే సర్దార్ ‘‘బాగుంది, రండి’’ అంటే మేం చూసేది ఒక్కటే: ఆ కప్పు కింద నిలబడి అంటున్నాడా, ఇవతల సపోర్టు కింద ఉండి అంటున్నాడా?

గద్దర్ కప్పు కిందే నిలబడ్డాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. 2023 ఆగస్టు 6న ఆయన పోయేదాకా ఒక తూటా ఒంట్లోనే ఉంది. పాటల బాకీ అక్కడే తీరింది. ఆ తర్వాత గుళ్లో మొక్కినా, అల్వాల్‌లో బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగినా అది ఆయన సొంత సంగతి. నాకు తోచింది ఇది.

ఫిల్లర్ ఒప్పుకోలేదు. ‘‘కప్పు కింది నుంచి బయటికొచ్చేటోడు లోపలున్నోళ్లకు చెప్పి రావద్దా అన్నా?’’

‘‘చాటుగా ఏం పోలేదు గదరా తమ్మీ, అందరి ముందటే పోయిండు’’ అన్నాను.

‘‘లోపలున్నోళ్లు అప్పటికే పోయిరి గదా’’ అన్నాడు.