పుట్టగానే ఏడ్వని బిడ్డ

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇది ఎవరి పాపమని విచారించిరి. వానిదియు కాదు, కన్నవారిదియు కాదని ప్రభువు తేల్చెను (యోహాను 9:1-3). పుట్టగానే ఏడ్వని బిడ్డ తల్లిని ఆ ప్రశ్నతోనే పొడుచువారు నేటికిని ఉన్నారు.

కష్టకాన్పులో ఊపిరందని బిడ్డకు మెదడు దెబ్బతిని కాలుచేతులు బిగియవచ్చునని లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లోనే వివరించెను. దెబ్బ స్వల్పమైనచో పెక్కుమంది చక్కగా ఎదుగుదురు; తీవ్రమైనచో కొందరు మరణింతురు, కొందరికి మూర్ఛలు వచ్చును, నడకయు మాటయు వెనుకబడును.

కాబట్టి మేము మిమ్మును వేడుకొనుచున్నాము: తాయెత్తులతో కాలము పోనీయక, 9 నెలలకును ఊత లేకుండ కూర్చుండలేని బిడ్డను వైద్యునికి చూపుడి. కుంటివాడైన మెఫీబోషెతు రాజు బల్లయొద్ద భుజించెను (2 సమూయేలు 9:13). నడువలేని బిడ్డకును తల్లికిని మన ఆరాధనలో ముందువరుసలోనే చాప వేయుదము.