సముద్రతీర పట్టణ గాథ - మన రేవుకు గుణపాఠం

దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరాలో (7:163-166) సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పట్టణ ప్రజల వృత్తాంతం వస్తుంది. వారు ఇస్రాయీల్ సంతతివారు. శనివారం నాడు చేపలు పట్టరాదన్నది వారికి దైవాజ్ఞ. సరిగ్గా ఆ రోజే చేపలు గుంపులు గుంపులుగా నీటిపైకి వచ్చేవి. మిగతా రోజుల్లో కనిపించేవి కావు. అదే వారికి పరీక్ష. కొందరు శుక్రవారమే వలలు పన్ని, గుంటలు తవ్వి, చిక్కిన చేపల్ని ఆదివారం తీసుకునేవారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. పైకి ఆజ్ఞను పాటించినట్టే ఉండేది. లోలోపల దాన్ని కాలరాచారు.

ఈ గాథ చదివినప్పుడు బందరు ప్రాంతం వారమైన మనకు గిలకలదిండి రేవు గుర్తుకు రావాలి.

అరవై ఒక్క రోజుల పరీక్ష

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషిద్ధం. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమది. తల్లి చేపను ఒకదాన్ని పట్టామంటే, దాని కడుపులోని వేలాది పిల్లల్ని కూడా పట్టేసినట్టే. ఆ రెండు నెలలు ఓపిక పడితే సముద్రం మళ్ళీ నిండుతుంది.

శనివారపు ఆజ్ఞ మనకు వర్తించదు. వేట నిషేధం ప్రభుత్వ నిబంధన మాత్రమే. అయినా ధర్మానికి విరుద్ధం కాని, ప్రజలందరి మేలు కోరే కట్టుబాటును విశ్వాసి దొంగచాటుగా ఉల్లంఘించడు. సముద్రంలోని తాజా మాంసాన్ని అల్లాహ్ మానవులందరికీ అనుగ్రహించాడు (16:14). రేపు పుట్టబోయే మన పిల్లలకు కూడా అందులో వాటా ఉంది. భూమిపైనా, సముద్రంలోనూ కల్లోలం చెలరేగడానికి మనుషుల చేతులు చేసుకున్నదే కారణమని ఖుర్ఆన్ హెచ్చరించింది (30:41). చిరిగిన నైలాన్ వలను నీటిలో వదిలేయడం, ఇంజను నుంచి తీసిన పాత నూనెను కాలువలో పారబోయడం, చెరువు మురుగును శుద్ధి చేయకుండా ఏటిలోకి వదలడం - ఇవన్నీ ఆ చేతుల పనులే.

నాయకుడంటే ఎవరు?

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ వారి సంరక్షణలో ఉన్నవాటి గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. కనుక నాయకత్వమంటే పదవి కాదు, లెక్క అప్పజెప్పవలసిన బాధ్యత. పడవ యజమాని, ఐసు వ్యాపారి, చేపలు కొనే షావుకారు, ఇంటికి కూర తెచ్చే గృహస్థు - అందరూ ఈ లెక్కలోకి వస్తారు.

దైవప్రవక్త (స) మదీనా సమీపంలోని నఖీ ప్రాంతాన్ని రక్షిత పచ్చికభూమిగా ప్రకటించారు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో కూడా అలాంటి భూములుండేవి. ఒక భూమి సంరక్షకునికి ఆయన చేసిన హితవు గమనించదగినది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోనికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ (రజి) వంటి సంపన్నుల మందల విషయంలో జాగ్రత్త పడమన్నారు. మందలు పోయినా సంపన్నులకు తోటలు, పొలాలు ఉంటాయి. పేదవాని మంద పోతే అతను పిల్లాపాపలతో వచ్చి నిలబడతాడు.

అంటే ప్రకృతిని కాపాడే భారం ముందుగా ఉన్నవాడే మోయాలి. నేటి నిషేధంలోనూ యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. కానీ మరపడవలపై పనిచేసే కూలీ సంగతేమిటి? ప్రభుత్వ భృతి అందినా, అప్పు ఇచ్చిన వ్యాపారి ఆ రెండు నెలల్లోనే బాకీ కోసం ఒత్తిడి చేస్తే అతను ఏం చేస్తాడు? రాత్రిపూట చాటుగా వేటకు పోతాడు. పట్టుబడితే నేరం కూలీది. కానీ అల్లాహ్ సన్నిధిలో అతణ్ణి అటు నెట్టినవాడు తప్పించుకోగలడా? ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని ఖుర్ఆన్ ఆదేశించింది (2:280). సోదరులారా! జూన్ 14 దాకా బాకీ అడగకుండా ఆగిన వ్యాపారి ఒక పేదవాణ్ణి ఆదుకున్నాడు, సముద్రాన్నీ కాపాడాడు. ఆ కాలంలో దొంగవేట సరుకు కొననని ఒక షావుకారు గట్టిగా నిలబడితే, నలుగురు అతని వెంట నడుస్తారు. మన ఇళ్ళలో కూడా ఆ రెండు నెలలు చెరువు చేపతోనో, నాటుపడవ తెచ్చిన చేపతోనో సరిపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

మౌనంగా ఉన్నవారు

ఆ తీర పట్టణంలో మూడు వర్గాల వారుండేవారు. కొందరు హద్దు మీరారు. కొందరు వారించారు. ఇంకొందరు, నాశనమయ్యేవారికి హితబోధ దేనికని వారించేవారినే ప్రశ్నించారు. మా ప్రభువు ముందు మాకొక సంజాయిషీ ఉండాలని, వారు మారతారేమోనన్న ఆశ కూడా ఉందని వారించినవారు బదులిచ్చారు. చివరికి చెడును వారించినవారిని అల్లాహ్ రక్షించాడు. దుర్మార్గుల్ని శిక్షించాడు. మరి మౌనంగా ఉన్నవారు ఏమయ్యారు? ఖుర్ఆన్ స్పష్టంగా చెప్పలేదు. పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మన గుండెల్లో భయం పుట్టడానికి ఆ అనిశ్చితి ఒక్కటి చాలదా?

ఓడ కింది అంతస్తులోనివారు నీళ్ళ కోసం అడుగున రంధ్రం చేయబోతే, పైవారు వారి చేయి పట్టుకోకపోతే అందరూ మునుగుతారని దైవప్రవక్త (స) ఉపమానం చెప్పారు. పడవల మధ్య బతికే మనకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

అల్లాహ్ మనల్ని వారించేవారిలో చేర్చుగాక! ఆ పని మన ఇంటి నుంచి, మన దుకాణం నుంచి ప్రారంభించే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.